బ్యాండ్‌విడ్త్ రెట్టింపు చేసినా కాల్స్ ఎందుకు తెగుతున్నాయి?

ఇంటర్నెట్ వేగం రెట్టింపు చేయించుకున్నా కార్యాలయంలో వాయిస్ కాల్స్ ముక్కలుముక్కలుగా వినిపిస్తున్నాయనీ, ఇంకా పెద్ద ప్లాన్ తీసుకోవాలా అనీ అడిగారు. వద్దు. జి.711 కోడెక్‌తో (మాటను డిజిటల్ డేటాగా మార్చే పద్ధతి) నడిచే ఒక కాల్‌కు, చిరునామాల వంటి వివరాలు మోసే హెడర్లతో కలిపి ఒక్కో దిశలో సెకనుకు సుమారు 80 కిలోబిట్లు చాలు. మీకు కొరవడింది వేగం కాదు, బయటికి వెళ్లే డేటా వరుసగా నిలబడే క్యూలో క్రమం.

నేను పనిచేసిన ఒక సంస్థలో ప్రతిరోజూ ఉదయం 11 గంటలకు ఇదే గోల మొదలయ్యేది. అవతలివారి మాట మాకు స్పష్టంగా వినిపించేది. మా మాట మాత్రం వారికి అందేది కాదు. మూడు రోజులు నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, పట్టి చూస్తే, సరిగ్గా ఆ వేళకే ఒక సర్వర్ తన బ్యాకప్‌ను బయటికి పంపుతోందని తేలింది. అప్‌లోడ్ వేగం సెకనుకు 10 మెగాబిట్లుగా ఉన్నప్పుడు మోడెంలోని ఒక మెగాబైట్ బఫర్ (పంపాల్సిన డేటా ఆగి ఉండే చోటు) నిండితే, అది ఖాళీ కావడానికి 0.8 సెకను పడుతుంది. మాటను మోసే చిన్న ప్యాకెట్ అంతసేపూ బ్యాకప్ తాలూకు పెద్ద ప్యాకెట్ల వెనుక నిలబడవలసిందే, చోటు లేకపోతే రాలిపోవలసిందే. నేను చేరకముందే యాజమాన్యం డబ్బు పోసి వేగాన్ని 20కి పెంచింది. నిరీక్షణ 0.4 సెకనుకు తగ్గింది, అంతే. మాట ఒకవైపు ప్రయాణానికి 150 మిల్లీసెకన్లు (0.15 సెకను) దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంఘమైన ఐటీయూ జి.114 సిఫారసు చెబుతుంటే, మేము ఒక్క మోడెంలోనే అంతకు రెండింతలకు పైగా పోగొట్టుకుంటున్నాము.

ఫోన్లు తమ ప్యాకెట్లపై 46 అనే డీఎస్‌సీపీ గుర్తును, అంటే 'దీన్ని ముందు పంపండి' అని చెప్పే అంకెను, సక్రమంగానే వేస్తున్నాయి. అయినా ఫలితం లేకపోవడానికి కారణం కనిపెట్టడానికి నాకు, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, మరో రెండు రోజులు పట్టింది: ఫోన్లు తగిలించిన పోర్టు నుంచి వచ్చే గుర్తులను నమ్మమని ఎవరూ చెప్పకపోవడంతో మధ్యలోని స్విచ్ ఆ గుర్తును సున్నాగా మార్చేస్తోంది. దానిని సరిచేసి, క్యూ మోడెంలో కాక మా రౌటర్‌లోనే ఏర్పడేలా అప్‌లోడ్‌ను 18 మెగాబిట్లకు బిగించి, వాయిస్‌కు అందరికంటే ముందు వెళ్లే ప్రాధాన్య క్యూ ఇచ్చాను. మరునాడు 11 గంటలకు బ్యాకప్ నడుస్తూనే ఉంది, కాల్స్ కూడా నడిచాయి.

ఆ సంగతి తెలిసిన ఒక అధికారి తన వీడియోలకు కూడా 46 వేయమన్నారు. అందుకే ప్రాధాన్య క్యూకు గరిష్ఠ పరిమితి పెట్టకుండా ఎవరూ వదలకూడదు. లేకపోతే అది తక్కిన ట్రాఫిక్‌ను ఆకలితో చంపుతుంది. స్పీడ్ టెస్ట్‌లో వచ్చిన పెద్ద డౌన్‌లోడ్ అంకెను చూపించి నెట్‌వర్క్ బాగుందని వాదించేవారితో కూడా నేను విసిగిపోయాను. తెగుతున్నది అప్‌లోడ్ దిశలో అయినప్పుడు ఆ అంకె దేనికి? పైగా మీ గుర్తును బహిరంగ ఇంటర్నెట్‌లో గౌరవిస్తారన్న హామీ ఏమీ లేదు కాబట్టి, మీరు సరిదిద్దుకోగలిగింది మీ గడప దాకానే.

ఒక పెద్ద ఫైలును అప్‌లోడ్‌కు పెట్టి, అదే సమయంలో పింగ్ (ఒక ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని కొలిచే ఆదేశం) నడిపి చూడండి. మామూలుగా 20 మిల్లీసెకన్లు చూపేది 300కి ఎగబాకితే, కొత్త ప్లాన్‌కు సంతకం పెట్టేముందు రౌటర్ సెట్టింగులు తెరవండి.