పన్ను తగ్గుతుందని ఇస్తే దానం కాదా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం, ఏడాదికి 18 లక్షలు. హోమ్ లోన్ ఉంది కాబట్టి పాత పన్ను విధానంలోనే ఉన్నాను. నాన్నగారి సంవత్సరీకానికి లక్ష రూపాయలు దానం చేద్దామనుకుంటున్నా. 80జీ (దానాలకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చే సెక్షన్) చూసుకుని ఇస్తే అది దానమెలా అవుతుందని మా ఆవిడ అంటోంది. ఆఫీసులో ఒకాయనేమో, ఒక ట్రస్టుకి లక్ష పంపితే 93 వేలు నగదుగా తిరిగిచ్చేస్తారంటున్నాడు. మా వాచ్‌మన్ కూతురి ఇంటర్ ఫీజు కట్టాలనీ ఉంది గానీ, దానికి మినహాయింపు రాదట.

జవాబు: ముందు ఆ ఆఫీసాయన సంగతి. లక్ష పంపి 93 వేలు వెనక్కి తీసుకుంటే మీ జేబులోంచి పోయేది 7 వేలు, 80జీ కింద సగం అంటే 50 వేలు ఆదాయంలోంచి తీసేస్తే 30 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి ఆదా అయ్యే పన్ను 15,600, అంటే దానం పేరు చెప్పి మీరు 8,600 సంపాదించారన్నమాట! అత్తసొమ్ము అల్లుడు దానం అంటారే, ఇందులో ఆ దానం కూడా లేదు. దొరికితే ఎగ్గొట్టిన పన్ను, వడ్డీ, పైన 200 శాతం పెనాల్టీ. ఆ టెన్షన్ మీకెందుకు?

మీ ఆవిడ మాటతో మాత్రం నేను ఏకీభవించను. నిజంగా లక్ష ఇచ్చి పన్నులో 15,600 తగ్గించుకున్నా మీ దగ్గర 84,400 తగ్గినట్టే కదా. నేను చూసేది అదే, ఇచ్చినాయన దగ్గర తగ్గిందా, అవసరమున్నవాళ్లకి అందిందా అని. గుళ్లో ట్యూబులైటు మీద పేరు రాయించుకున్న దాత లైటు కూడా వెలుగుతుంది, కాస్త తక్కువగా.

కాకపోతే రేపు హోమ్ లోన్ తీరి కొత్త విధానానికి మారితే అక్కడ మీకు 80జీ లేదు, అప్పుడూ ఇస్తారా? ఇది మీరే ఆలోచించుకోండి. మినహాయింపు వచ్చే చోటే వెతికితే గేటు దగ్గరున్న అమ్మాయి కనబడదు. నేనైతే లక్షలో ముందు ఆ ఫీజు తీసి పక్కన పెట్టి, నేరుగా కాలేజీకే కడతాను. మిగిలింది 80జీ రిజిస్ట్రేషన్ ఉన్న ట్రస్టుకి బ్యాంకు ద్వారా పంపి, పాన్ నంబరు ఇచ్చి సర్టిఫికెట్ తీసుకోండి, 2 వేలు దాటిన నగదుకి మినహాయింపు ఇవ్వరు.

అన్నట్టు, ఆరు నెలల ఖర్చులకి, ఈఎంఐలకి సరిపడా డబ్బు పక్కన ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ ఏడాది ఫీజు ఒక్కటే కట్టండి, ట్రస్టు సంగతి వచ్చే ఏడాది చూద్దాం.