ఉప్పు మీద లేజర్ కొడితే ఉద్యోగమొస్తుందా?

"మా అమ్మాయిది ఎంఎస్సీ ఫిజిక్స్ అయిపోయింది, పీహెచ్‌డీలో ఉప్పు లాంటి క్రిస్టల్స్ మీద ఫెమ్టోసెకండ్ లేజర్ కొట్టి అయాన్లు ఎలా లేస్తున్నాయో చూస్తుందట, ఐదారేళ్లు దానికి పెట్టాక ఉద్యోగం ఎవరిస్తారు?" అని ఒక తండ్రి అడిగారు.

మీ భయం అర్థమైందండీ, కానీ కంపెనీవాళ్లు థీసిస్ టైటిల్ చూసి తీసుకోరు, చేతికి ఏ పని వచ్చో చూస్తారు. అసలు అక్కడ జరిగేది చెప్తా. ఉప్పు లాంటిదే అయిన పొటాషియం అయోడైడ్‌లో ఎలక్ట్రాన్ కదలాలంటే దాదాపు 6 ఎలక్ట్రాన్‌వోల్ట్‌ల శక్తి కావాలి, 400 నానోమీటర్ల లేజర్ ఫోటాన్‌కి, అంటే వెలుగు కణానికి, ఉండేది 3.1, అంటే రెండు ఒకేసారి తగిలితేనే పనవుతుంది, అందుకే వెలుగునంతా ఫెమ్టోసెకండ్లలో (సెకండులో లక్ష కోట్లవ వంతు పికోసెకండ్, దాంట్లో వెయ్యో వంతు ఫెమ్టోసెకండ్) కుక్కి కొడతారు. పైపొరలో బంధాలు చెదిరి లేచిన అయాన్లని, అంటే చార్జి ఉన్న పరమాణువుల్ని, ఒక ట్యూబ్‌లో పరిగెత్తిస్తే తేలికవి ముందు, బరువైనవి వెనక వస్తాయి, దాన్నిబట్టి ఏది ఏదో తెలుస్తుంది. మొదటి దెబ్బ తర్వాత ఏం జరుగుతోందో చూడ్డానికి రెండో పల్స్ కొడతారు, అది ఒక్క పికోసెకండ్ లేటుగా రావాలంటే అద్దాన్ని 0.15 మిల్లీమీటర్లు జరిపితే చాలు, వెలుగు పోయి రావాలి కదా, దారి 0.3 పెరుగుతుంది.

ఇదంతా వినడానికి బావుంటుంది గానీ సగం రోజులు వాక్యూమ్‌తోనే, అంటే గాలి లేకుండా చేయడంతోనే పోతాయి. ప్రయోగం జరిగే ఛాంబర్ ఒకసారి తెరిచారంటే హీటింగ్ టేపు చుట్టి, పైన ఫాయిల్ కప్పి, గంటల తరబడి వేడి చేయాలి, ఇంతా చేశాక ప్రెషర్ దిగకపోతే ఒక్కో జాయింట్ దగ్గర హీలియం ఊదుతూ లీకు ఎక్కడుందో వెతుక్కోవాలి. విసుగే, కాదనను. కానీ చిప్ తయారీ మెషీన్లవాళ్లకి, మాస్ స్పెక్ట్రోమీటర్ (అయాన్ల బరువు తేల్చే మెషీన్) కంపెనీలకి, లేజర్‌తో గాజు కోసేవాళ్లకి కావాల్సింది సరిగ్గా ఈ చెయ్యే. ఆ మాటకొస్తే 193 నానోమీటర్ల చిప్ ప్రింటింగ్ మెషీన్లలో వాడే కాల్షియం ఫ్లోరైడ్ లెన్సు కూడా ఉప్పు లాంటి అయానిక్ క్రిస్టలే, లేజర్ దెబ్బకి అదెందుకు పాడవుతుందన్నది మీ అమ్మాయి టాపిక్‌కి పక్కింటి ప్రశ్నే.

డేటా చూడ్డానికి పైథాన్ ఎలాగూ నేర్చుకోవాలి. స్పానర్ పట్టుకోవడం అస్సలు ఇష్టం లేదంటే మాత్రం ఇదే సబ్జెక్టులో థియరీ వైపు వెళ్లమనండి, ల్యాబ్‌లో పడితే ఏడుస్తుంది.

నాకు భయమున్నది టాపిక్ గురించి కాదు, ల్యాబ్ గురించి. చేరే ముందు సార్‌ని కాదు, అక్కడి సీనియర్లని రెండు అడగమనండి, పోయిన ఏడాది లేజర్ ఎన్ని నెలలు నడిచింది, పాడైతే అలైన్‌మెంట్ (లేజర్, అద్దాలు మళ్లీ సరిగ్గా కుదర్చడం) స్టూడెంట్లే చేస్తారా లేక ఇంజనీర్ వచ్చేదాకా కూర్చుంటారా అని.