కేకు ఇష్టమే, పండగ పనంతా నామీదే ఎందుకు?

ప్రశ్న: మేం సికింద్రాబాద్‌లో ఉంటాం. నేను బ్యాంకులో పనిచేస్తాను. ప్రతి క్రిస్మస్‌కీ మా అత్తగారు, ఇద్దరు ఆడపడుచులు పిల్లలతో సహా గుంటూరు నుంచి మా ఇంటికే వస్తారు. పెళ్లయిన కొత్తలో ఇష్టంకొద్దీ కేకు చేయడం మొదలుపెట్టాను. ఇప్పుడు చర్చివాళ్లకీ, అపార్ట్‌మెంట్‌లో అందరికీ కలిపి పది కిలోల ప్లమ్ కేకు, ఆపైన అరిసెలు, గులాబీ పువ్వులు, పండగనాడు బిర్యానీ, అన్నీ నేనే చేయాలి. అత్తగారు అరిసె విరిచి, ‘గట్టిగా వచ్చిందే’ అంటారు. మావారేమో, ‘నువ్వే కదా ఇష్టపడి మొదలుపెట్టావు’ అంటారు. పోయినేడాది 24 రాత్రి ఆరాధనలో కూర్చుని ఏడ్చేశాను. ఈసారి పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోతే తప్పా?

జవాబు: తప్పేమీ కాదమ్మా. కాకపోతే ఎవరికీ చెప్పకుండా, కోపంతో వెళ్తే మాత్రం అక్కడ కూడా మీకు పండగ ఉండదు, అందుకే ముందు చేయాల్సిన పని ఒకటుంది.

మీవారి మాట నాకు అస్సలు నచ్చలేదు. ఇష్టపడి ఒక కేకు చేసినంత మాత్రాన పదిమందికి వండిపెట్టడానికి ఒప్పుకున్నట్టు కాదు. ఆయన చెడ్డవారని అనను, ఆ పని ఎంతుంటుందో ఆయన కంటికి ఆనడం లేదంతే. అరిసెలే చూడండి. రాత్రంతా బియ్యం నానబెట్టాలి, తడి ఆరకముందే పిండి పట్టించి జల్లించాలి, బెల్లం పాకం నీళ్లలో వేస్తే ఉండ కట్టిందో లేదో చూసుకోవాలి, వేడి పాకంలో ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు గరిటె తిప్పాలి, ఆ తర్వాత ఒత్తేవాళ్లు ఒకరు, వేయించేవాళ్లు ఒకరు, చెక్కలతో నూనె పిండేవాళ్లు ఒకరు. ఇది మొదట్నుంచీ నలుగురూ కూర్చుని చేసుకునే వంట. మీ అత్తగారి రోజుల్లో పక్కింటివాళ్లు కూడా వచ్చి సాయం పట్టేవాళ్లు, కష్టం అందరికీ కనిపించేది. కేకు అలా కాదు. పిల్లలు పడుకున్నాక మీరొక్కరే కలిపి ఓవెన్‌లో పెడతారు, ఒక్కో విడతకీ గంట పైనే కాపలా కాస్తారు, తెల్లారేసరికి బల్లమీద కేకులు ఉంటాయి. వాటి వెనక ఎన్ని గంటల నిద్ర పోయిందో ఎవరికి తెలుస్తుంది? పైగా డిసెంబర్ అంటే మీకు క్వార్టర్ ముగింపు పని కూడా.

అందుకే నవంబర్‌లోనే ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మీవారితో కూర్చోండి. ఏడుస్తూనో, గొడవ మధ్యలోనో వద్దు. పనులన్నీ ఒక కాగితం మీద ఇద్దరూ కలిసి రాయండి, కిస్మిస్ కొనడం దగ్గర్నుంచి 25 రాత్రి గిన్నెలు కడగడం దాకా. ఆ తర్వాత సూటిగా చెప్పండి: ‘కేకు నాకిష్టం, అది చేస్తాను. మిగతావి నేనొక్కదాన్నే చేయలేను, చేయను.’ బిర్యానీ ఆయన వండుతారో, బయట చెప్పిస్తారో ఆయన ఇష్టం. మధ్యలో మీరు వంటగదిలోకి వెళ్లి సర్దిపెట్టకండి. ఇది మీకు కష్టంగానే ఉంటుంది, కానీ మీరు వెనక్కి తగ్గితే వచ్చే ఏడాది మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు.

అత్తగారి విషయంలో మాత్రం కొంచెం మెత్తగా ఉండండి. ఒకప్పుడు గుంటూరులో పండగంటే ఆమె వంటిల్లే అయ్యుంటుంది. ఇప్పుడు కోడలింటికి చుట్టంలా వచ్చి కుర్చీలో కూర్చుంటున్నారు. ‘గట్టిగా వచ్చిందే’ అన్న మాట మిమ్మల్ని బాధపెట్టింది నిజమే, అందులో తన చేతికి పని లేదన్న దిగులు కూడా ఉండొచ్చని నాకనిపిస్తోంది. ఒకసారి ఫోన్ చేసి, ‘అత్తయ్యా, ఈసారి రెండు రోజులు ముందే రండి, పాకం మీరే పట్టాలి, ఒత్తడానికి వదినలూ నేనూ కూర్చుంటాం’ అనండి. ఆడపడుచులకూ విడిగా చెప్పండి. వాళ్లు గులాబీ పువ్వులు గుంటూరులోనే చేసి డబ్బాలో తెస్తే సరిపోతుంది, అవి పాడయ్యేవి కావు. ఒకవేళ ఆమె రాలేనంటే అరిసెలు కొనుక్కోండి, దానికి సిగ్గుపడక్కర్లేదు.

ఇక ఆ పది కిలోలు. ఇంట్లోకి, బాగా దగ్గరివాళ్లకి మూడు కిలోలు చాలు. పళ్లు ద్రాక్షరసంలో నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, పండగకి వారం ముందే కేకు చేసి గాలి తగలకుండా చుట్టి పెట్టుకోవచ్చు, 24 రాత్రి ఓవెన్ ముట్టుకునే పని ఉండదు. చర్చికీ అపార్ట్‌మెంట్‌కీ ఇవ్వాల్సిందేనని మీకే ఉంటే, జంటనగరాల్లో కొన్ని పాత బేకరీలు మనం పళ్లు, గుడ్లు, వెన్న పట్టుకెళ్తే కేకు కాల్చి ఇస్తాయి. ఎన్నో క్రైస్తవ కుటుంబాలు అలాగే చేయించుకుంటాయి. మీవారు ఒక ఉదయం అక్కడ నిలబడి చేయించుకొస్తారు.

ఇంత చెప్పాక కూడా ఆయన ‘నువ్వే కదా మొదలుపెట్టావు’ అనే అంటే, అప్పుడు టిక్కెట్లు తీసుకోండి. అత్తగారికి మీరే ఫోన్ చేసి, ఈసారి మా అమ్మావాళ్ల దగ్గర చేసుకుంటామని మర్యాదగా చెప్పండి, కారణం అడిగితే దాచకండి. మీవారిని కూడా రమ్మనండి. ఆయన రానంటే మీరూ పిల్లలూ వెళ్లండి.