రోమ్ కూలాక ఫ్రాంకులే ఎందుకు నిలిచారు?

ప్రశ్న: పోటీ పరీక్షల కోసం ప్రపంచ చరిత్ర చదువుతున్నాను. పశ్చిమ రోమన్ సామ్రాజ్యం పోయాక గోతులు, వాండల్స్, ఫ్రాంకులు తలా ఒక రాజ్యం స్థాపించుకున్నారు కదా, వారిలో ఫ్రాంకుల రాజ్యమే అంతగా ఎలా పెరిగింది?
– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి, హైదరాబాద్

జవాబు: సాధారణంగా మతమే కారణమని చెబుతారు. అది నిజమే గాని, అంతకంటే ముందు చూడవలసినది భూగోళం. వాండల్స్ ఉత్తర ఆఫ్రికా దాకా, గోతులు ఇటలీ, స్పెయిన్‌ల దాకా వలసపోయి, అపరిచితుల మధ్య కొద్దిమందిగా పాలించారు. ఫ్రాంకులు మాత్రం రైన్ నది దిగువన ఉన్న పాత నేలను విడవకుండానే దక్షిణానికి విస్తరించారు.

481లో క్లోవిస్‌కు తండ్రి చిల్డెరిక్ నుంచి సంక్రమించినది నేటి బెల్జియంలోని టూర్నే చుట్టుపక్కల ఉన్న చిన్న రాజ్యం. 1653లో బయటపడిన చిల్డెరిక్ సమాధిలో దొరికిన ముద్రుటుంగరం మీద, జర్మానిక్ రాజులకు తగిన పొడవాటి జుట్టుతో ఉన్న అతడి బొమ్మ చుట్టూ పేరు లాటిన్‌లో చెక్కి ఉంది. రోమ్‌ను అనుకరిస్తూనే రోమ్ స్థానాన్ని ఆక్రమించిన ఆ వంశం తీరు ఆ ఒక్క ఉంగరంలోనే కనబడుతుంది. క్లోవిస్ 486లో స్వాసోన్ వద్ద రోమన్ పాలకుడు స్యాగ్రియస్‌ను ఓడించి ఉత్తర గాల్‌ను (గాల్ అంటే దాదాపు నేటి ఫ్రాన్స్), 507లో వుయే వద్ద విసిగోతుల (గోతులలో పశ్చిమ శాఖ) రాజు రెండవ అలారిక్‌ను చంపి నైరుతి గాల్‌ను వశం చేసుకున్నాడు.

ఇక మతం సంగతి. గోతులు, వాండల్స్ అనుసరించిన ఏరియన్ క్రైస్తవం క్రీస్తును తండ్రి కంటే తక్కువవాడిగా భావించేది కనుక, కేథలిక్కులైన స్థానిక ప్రజలకు వారు ఎప్పటికీ పరాయివారే. క్లోవిస్ రెమిజియస్ బిషప్ చేత కేథలిక్కుగా బాప్తిస్మం పొందడంతో, పట్టణాలలో అసలు పలుకుబడి గల బిషప్పులు అతడి పక్షాన నిలిచారు. ఆ సంవత్సరం ఏదన్న దానిపై చరిత్రకారులలో వాదం తెగలేదు, కాబట్టి పరీక్షలో 496 అని రాసేటప్పుడు ‘సుమారు’ అని చేర్చడం మంచిది.

సామ్రాజ్యపు నీడను ఫ్రాంకులు వెంటనే తెంచుకోలేదు; పశ్చిమాన రోమ్ కూలినా, తూర్పున కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా రోమన్ చక్రవర్తి ఇంకా ఉన్నాడు. 1724 నుంచి దాదాపు స్వతంత్రంగా ఏలిన మన నిజాములు 1857 తిరుగుబాటు దాకా మొగల్ చక్రవర్తి పేరుతోనే నాణేలు ముద్రించినట్లే, ఫ్రాంకు రాజులూ బంగారు నాణేల మీద ఆ తూర్పు రోమన్ చక్రవర్తి పేరే ఉంచారు. క్లోవిస్ మనుమడు థ్యూడెబెర్ట్ తన సొంత పేరు వేయించుకోవడాన్ని కాన్‌స్టాంటినోపుల్ వారు ధిక్కారంగానే చూశారు.

అదృష్టం కూడా కలిసివచ్చింది. తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ సేనలు 534లో వాండల్స్ రాజ్యాన్ని అంతం చేసి, మరుసటి ఏడు ఇటలీని ఏలుతున్న ఆస్ట్రోగోతుల (గోతులలో తూర్పు శాఖ) మీద యుద్ధానికి దిగగా, ఫ్రాంకులు తమ జోలికి రాకుండా ఉండేందుకు ఆస్ట్రోగోతులు ఆగ్నేయ గాల్‌లోని ప్రొవాన్స్‌ను వారికి వదులుకున్నారు. థురింజియా (నేటి మధ్య జర్మనీలో) 531లో, బర్గండీ (గాల్ తూర్పు భాగంలో) 534లో అప్పటికే వారి వశమయ్యాయి. ఇదంతా 511లో క్లోవిస్ మరణించి, నలుగురు కొడుకులు రాజ్యాన్ని ఆస్తి పంచుకున్నట్లు పంచుకున్న తరువాత జరగడమే విచిత్రం. చిన్న కొడుకు క్లోథార్ 558లో అన్ని భాగాలనూ ఏకం చేశాడు గాని, 561లో అతడు చనిపోగానే అతడి నలుగురు కొడుకులూ మళ్లీ పంచుకున్నారు.