‘గుర్తుందా?’ అని అడక్కమ్మా

అమ్మలూ,

రాత్రి ఫోన్లో నువ్వు ఏడుస్తూ చెప్పినదాంట్లో సగమే నాకు వినపడింది. అమ్మ పొద్దుటి నుంచి పదిసార్లు "మీ నాన్నగారు ఇంకా రాలేదేమే" అని అడిగింది, పదకొండోసారి నువ్వు విసిగిపోయి "నాన్న పోయి ఆరేళ్లయిందమ్మా" అని అరిచావు, ఆవిడ అప్పుడే కబురు విన్నట్టు గుండెలు బాదుకుని ఏడ్చింది, అరగంటకి మళ్లీ అదే ప్రశ్న. ఇంతేనా? ఫోన్లో నేను ఏం చెప్పినా ఆ సమయంలో నీకు ఎక్కదు, అందుకే రాస్తున్నాను. పొడుగైపోతే విసుక్కోకు, ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పిన దాన్ని, ఒక పట్టాన ఆపలేను.

ముందు నా తప్పు చెప్పనీ. అమ్మకి వచ్చిన ఈ మతిమరుపు జబ్బే, అల్జైమర్స్, మీ పెదనాన్నకి ఎనిమిదేళ్లు ఉంది. మొదటి రెండేళ్లూ నేను ఇంట్లో కూడా లెక్చరర్‌నే. "ఇవ్వాళ ఏ వారం? ఇందాక ఏం కూర తిన్నారు? వీడెవడో చెప్పండి చూద్దాం" అని ఒకటే పరీక్షలు, అలా అడుగుతూ ఉంటే బుర్ర పదునుగా ఉంటుందని నా నమ్మకం. ఆయన కాసేపు చూసి నవ్వేసేవారు. హమ్మయ్య, సరదాగానే తీసుకుంటున్నారు అనుకున్నా. ఒకరోజు మనవడి ముందు అలాగే అడిగాను, ఆయన మామూలుగానే నవ్వారు, కానీ నా చూపు ఆయన చేతి మీద పడింది. పంచె అంచు పిడికిట్లో పట్టుకుని నలుపుతున్నారు, అది చెమటకి తడిసి ముద్దయిపోయి ఉంది. రెండేళ్లు నేను రోజూ ఆయన్ని అలా నిలబెట్టానన్నమాట. ఆ రోజు నుంచి మా ఇంట్లో ‘గుర్తుందా’ అనే మాట లేదు. నువ్వూ తీసెయ్.

ఊరికే తీసెయ్యమంటే నీకు చేతకాదు, ఎందుకో తెలిస్తే చేతనవుతుంది. మీ సఖినేటిపల్లి రేవు తలుచుకో. ఇవతల గట్టు దాకా ఆటో వస్తుంది, అక్కడ ఆగిపోతుంది, జనం దిగి పంటు పడవ ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి నర్సాపురంలో దిగి మళ్లీ బండి ఎక్కుతారు. మెదడులో కణానికీ కణానికీ మధ్య కూడా ఇదే ఏర్పాటు. ఒకదాన్నొకటి తాకవు. మధ్యలో మిల్లీమీటరులో యాభై వేలో వంతు ఖాళీ. కరెంటు గట్టు దాకా వచ్చి ఆగుతుంది, అక్కణ్ణుంచి ఓ రసాయనం ఆ ఖాళీని దాటి అవతలి కణాన్ని లేపుతుంది. ఈ రేవునే సినాప్స్ అంటారు. మనకి 8,600 కోట్ల న్యూరాన్లు, అంటే ఈ నాడీకణాలు, ఉంటే, ఒక్కోదానికి ఇలాంటి రేవులు వేలల్లో ఉంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. జ్ఞాపకం అనేది ఎక్కడో బీరువాలో దాచిన ఫోటో కాదు, ఏ రేవు ఎంత బలంగా ఉందన్నదే జ్ఞాపకం. 1973లో అచ్చయిన పరిశోధనలో, నార్వేలోని ఓస్లోలో బ్లిస్, లోమో అనే ఇద్దరు కుందేలు మెదడులో జ్ఞాపకాల పని చూసే హిప్పోక్యాంపస్‌లో ఓ దారి మీదుగా కాసేపు గబగబా కరెంటు పంపి చూశారు, ఆ తర్వాత గంటల తరబడి ఆ దారి ముందుకంటే గట్టిగా పలికింది. ఎరిక్ కాండెల్ అయితే సముద్రపు నత్త లాంటి ఓ జీవిని పట్టుకుని ఏళ్లకేళ్లు కూర్చున్నాడు. ఒక్కసారి షాక్ కొడితే అది కాసేపే గుర్తుపెట్టుకుంటుంది, అదే రోజుల తరబడి విడతలు విడతలుగా కొడితే వారాలు గుర్తుంటుంది, అప్పుడు లెక్కపెడితే ఆ నాడీకణం వేసిన సినాప్స్‌లు ఇంచుమించు రెట్టింపయ్యాయి. ఉన్న పంటునే నాలుగు ట్రిప్పులు ఎక్కువ తిప్పడం కాసేపటి జ్ఞాపకం, రద్దీ తగ్గట్లేదని ఇంకో రేవు కట్టెయ్యడం ఎప్పటికీ ఉండే జ్ఞాపకం. 2000లో ఆయనకి నోబెల్ ఇచ్చారు.

అల్జైమర్స్ కొట్టేది ఈ రేవుల్నే. కణం చచ్చేదాకా ఆగదు, ముందే అమైలాయిడ్ అనే ప్రోటీను ముక్కలు చిన్న చిన్న గుంపులుగా కట్టి సినాప్స్ బలపడే పనిని పాడుచేస్తాయి, లోపల టౌ అనే ఇంకో ప్రోటీను చిక్కుముళ్లు పడుతుంది. 1991లో అమెరికాలో రాబర్ట్ టెర్రీ వాళ్లు చనిపోయిన రోగుల మెదళ్లు చూస్తే, బతికుండగా మనిషి ఎంత మరిచిపోయాడన్న దానికి అమైలాయిడ్ మచ్చల లెక్క సరిగా పొసగలేదు, పోయిన సినాప్స్‌ల లెక్కే పొసిగింది. 2016లో ఎలుకల్లో ఇంకో సంగతి బయటపడింది, మెదడులో చెత్త ఎత్తే కణాలే మొదట్లో సినాప్స్‌లని కూడా మింగేస్తున్నాయట. అది చదివినప్పుడు నాకు మా కాలువే గుర్తొచ్చింది, గుర్రపుడెక్క తీస్తామని వచ్చినవాళ్లు రేవు మెట్లు కూడా పీకి పోయారన్నమాట.

ముందుగా దెబ్బ తినే చోట్లలో హిప్పోక్యాంపస్ ఒకటి. ఇవ్వాళ జరిగిన సంగతికి కొత్త రేవు వెయ్యాల్సింది అదే. అందుకే అమ్మకి పొద్దున తిన్న ఇడ్లీ ఉండదు, 1974 నాటి పెళ్లి భోజనంలో పనసపొట్టు కూర ఉంటుంది, ఎందుకంటే ఆ పాత దారులు ఏళ్ల తరబడి తిరిగి తిరిగి మెదడు పైపొరలో స్థిరపడిపోయాయి, అక్కడికి జబ్బు ఆలస్యంగా వెళ్తుంది. నువ్వు ‘ఇందాకే చెప్పానుగా’ అన్నావనుకో, నువ్వు చెప్పావు నిజమే, అక్కడ పంటు లేదు. మొండితనం కాదు, నిన్ను ఏడిపించాలనీ కాదు.

ఈ జబ్బుకి ఎవరి పేరు పెట్టారో ఆ డాక్టరు అలోయిస్ అల్జైమర్ 1901లో చూసిన మొదటి రోగి ఆగస్టే అనే ఆవిడ. ఆవిడ కాలీఫ్లవర్, పంది మాంసం తింటోంది. ఏం తింటున్నావని ఆయన అడిగితే పాలకూర అంది. ఆయన డాక్టరు, అడిగి రాసుకోవడం ఆయన పని. మన పని అన్నం పెట్టడం. అమ్మ బీరకాయని పొట్లకాయ అంటే పొట్లకాయే అనుకోనీ, పప్పులో ఏదైతే ఏమిటి?

మరి నాన్న సంగతి. చచ్చిపోయాడని చెప్పకు, అది ప్రతిసారీ కొత్త చావే ఆవిడకి. ‘ఇప్పుడొచ్చేస్తారు’ అని కూడా అనకు, వీధి గుమ్మంలో రాత్రి దాకా కూర్చుంటుంది, మీ పెదనాన్న విషయంలో ఇదీ చేసి చూశాను. నువ్వే నాన్న కబురు ఎత్తుకో. "అంతర్వేది తీర్థంలో నాన్న జీళ్లు కొని జేబులో పెట్టుకుని మర్చిపోయారు చూడూ..." అని సగంలో ఆపు. మిగతా సగం ఆవిడ అందుకుంటుంది. అడిగితే రాని మాట అందిస్తే వస్తుంది, పాత దారికి నువ్వు ఇవతలి గట్టున ఎక్కిస్తే చాలు. అన్నిసార్లూ కుదురుతుందా అంటే కుదరదు. పదిసార్లలో ఆరుసార్లు కుదిరితే ఆ రోజు మంచి రోజు.

మీ పెదనాన్న కాలువల మీద ఉద్యోగం చేశారు కదా, రాత్రి రెండింటికి లేచి "నీరు ఎక్కువైపోతోంది, లాకు తలుపులు దించాలి" అని చెప్పులు వెతుక్కునేవారు. రిటైరై పదేళ్లైందండీ అని వాదించి వాదించి తెల్లారేది. తర్వాత నాకే బుద్ధొచ్చి టార్చి చేతికిచ్చి నేనూ వెంట వెళ్లేదాన్ని, గట్టు దాకా నడిచి, నీళ్ల మీద లైటు వేసి చూసి, "ఆయ్, తగ్గిందే" అని తనే అనుకుని వచ్చి పడుకునేవారు. ఇరవై నిమిషాల పని. చుట్టుపక్కల వాళ్లు నన్ను చూసి ఏమనుకున్నారో నాకు అనవసరం.

ఇంకోటి, చేతికి వచ్చిన పని చేయించు. అమెరికాలో 1953లో ఓ యువకుడికి మూర్ఛలు తగ్గాలని రెండు వైపులా హిప్పోక్యాంపస్ తీసేశారు, ఆ తర్వాత అతనికి కొత్త జ్ఞాపకం నిలవలేదు. కానీ అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయమంటే రోజు రోజుకీ బాగా గీశాడు, గీసిన ప్రతిరోజూ ‘నేనిది ఎప్పుడూ చెయ్యలేదే’ అనేవాడు. చేతి పనులకి మెదడులో దారులు వేరు. పోయిన సంక్రాంతికి మీ ఇంట్లో నేనది కళ్లారా చూశాను. నన్ను చూసి "అమ్మా, ఎప్పుడొచ్చావే" అంది మీ అమ్మ, నేనెవరో పోల్చుకోలేదు. పాత పెట్టెలో లేసు సూది, తెల్ల దారం ఉంటే తీసి ఒళ్లో పెట్టాను. కాసేపు దారం కొస తిప్పి చూసింది. చూపుడువేలికి రెండు చుట్లు చుట్టింది, ఇంక నా వైపు చూడలేదు, సూది ముక్కు లోపలికి వెళ్లి దారాన్ని పట్టుకుని బయటికి రావడం, మళ్లీ వెళ్లడం. పువ్వుకి నాలుగో రేకు దగ్గర ఓ కన్ను తప్పింది. నేను చెప్పలేదు. తనే చూసుకుని ‘ఛ’ అని దాన్ని విప్పి మళ్లీ వేసింది! చిన్నప్పుడు నర్సాపురం షావుకారికి డజన్ల లెక్కన అల్లి ఇచ్చిన చెయ్యది. క్రాస్‌వర్డ్‌లు, ఫోన్లో బ్రెయిన్ గేములు కొనిచ్చానన్నావు, అవి పక్కన పడెయ్, ఆవిడకి అవి ఓడిపోయే పరీక్షలే.

హైదరాబాదు తీసుకెళ్లిపోతానన్నావు. తొందరపడకు. ఈ ఇంట్లో రాత్రి బాత్రూముకి ఎటు వెళ్లాలో ఆవిడ కాళ్లకి తెలుసు, నీ ఏడో అంతస్తు ఫ్లాట్‌లో కొత్తగా నేర్చుకోవాలి, నేర్చుకునే చోటే కదా పాడైంది. తప్పదంటే ఆవిడ మంచం, దేవుడి పటాలు, ఆ లేసు పెట్టె ముందుగా పంపి అదే దిక్కున సర్దించు. ఫోన్ నంబరు రాసిన చీటీ ఓ చిన్న పర్సులో పెట్టి రవిక లోపల పిన్నుతో పెట్టు.

మందుల దగ్గరికి వద్దాం. మొదట, డాక్టరు స్కాన్ చూసి చెప్పాడు సరే, బి12, థైరాయిడ్ పరీక్షలు అయ్యాయా? చెవులు చూపించారా? బి12 తగ్గినా మతిమరుపు వస్తుంది, అది సూదులతో చాలావరకు సర్దుకునే సంగతి. ఉత్త ఫోలిక్ యాసిడ్ మాత్రలు మింగించి ఊరుకుంటే రక్తం బాగైనట్టు కనిపిస్తుంది గానీ నరాలు లోపల పాడవుతూనే ఉంటాయి (ఫోలిక్ యాసిడ్ వెనక ఉన్నది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందమే, సందర్భం వచ్చింది కాబట్టి చెప్పకుండా ఉండలేను). మీ పెదనాన్నని మొదట చూపించిన చోట ‘వయసండీ’ అని ఏడాది తిప్పారు, ఒక్క రక్తపరీక్ష రాయలేదు.

డోనెపెజిల్ మాత్ర రాశారన్నావు, వెయ్యి. రేవు దాటించే రసాయనం ఉన్నది త్వరగా విరిగిపోకుండా ఆపుతుంది, అంటే ఉన్న పంట్లనే ఇంకో ట్రిప్పు తిప్పడం, కొత్త రేవు కట్టదు. వాంతి, పిచ్చి కలలు, గుండె నెమ్మదించడం ఉంటే వెంటనే డాక్టరుకి చెప్పు.

ఇక నీ కొత్త ఇంజెక్షను, లెకనెమాబ్. అల్లుడు గారు తోట అమ్మైనా వేయిద్దామన్నారట, మంచి మనసే, నేను మాత్రం వద్దంటాను. 2023లో అమెరికా అనుమతిచ్చింది నిజమే, అది అమైలాయిడ్‌ని బాగానే ఊడుస్తుంది. ఇంచుమించు 1,800 మంది మీద 18 నెలలు చూశారు, జబ్బు ఎంత ముదిరిందో చెప్పే 18 పాయింట్ల కొలతలో, మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షను తీసుకున్నవాళ్లకీ వీళ్లకీ తేడా 0.45. దిగజారడం కాస్త నెమ్మదించింది, పోయినది వెనక్కి రాలేదు. సుమారు ఎనిమిది మందిలో ఒకరికి స్కాన్‌లో మెదడు వాపు కనిపించింది. పైగా అది జబ్బు తొలి మెట్టు మీద ఉన్నవాళ్లకి. అమ్మ ఆ మెట్టు దాటేసింది, తోట అమ్మినా వెనక్కి రాదు. ఆ డబ్బుతో రాత్రిళ్లకి ఓ మనిషిని పెట్టు, నువ్వు పడుకో.

‘నాకూ వస్తుందా పెద్దమ్మా’ అన్నావు చివర్లో, చిన్నగా. అమ్మకి వచ్చినంత మాత్రాన నీకు రావాలని లేదు, అవకాశం కాస్త పెరుగుతుందంతే. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 14 కారణాలు తీసి, వాటిని సరిచేసుకుంటే ప్రపంచంలో డిమెన్షియా, అంటే ఇలాంటి మతిమరుపు జబ్బులు, సుమారు 45 శాతం దాకా తప్పించడమో వాయిదా వెయ్యడమో చెయ్యొచ్చని చెప్పింది. బీపీ, షుగరు, చెడ్డ కొలెస్టరాలు, వినికిడి, ఒంటరితనం, కదలకుండా కూర్చోవడం అందులోవే, చివరిది నీ ఉద్యోగమే. 2013లో డాక్టరు సువర్ణ అల్లాడి గారు హైదరాబాదు ఆసుపత్రి నిమ్స్‌లో 648 మంది రోగుల్ని చూస్తే, రెండు భాషలు మాట్లాడేవాళ్లకి నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చింది, చదువు లేనివాళ్లలో కూడా. నీకు మూడు వచ్చు కదే.

రాత్రి అరిచినందుకు కుమిలిపోకు. ఆ అరుపు ఆవిడకి గుర్తుండదు. కాకపోతే దిగులు కాసేపు మిగులుతుంది, 2014లో అమెరికాలోని అయోవాలో ఇలాంటి రోగులకి ఏడుపు సినిమా ముక్కలు చూపిస్తే, ఏం చూశారో మరిచిపోయాక కూడా ఆ దిగులు మిగిలే ఉంది. సంతోషం కూడా అలాగే మిగిలింది. కాబట్టి పొద్దున్నే తలకి నూనె రాసి జడ వెయ్యి, ఎవరు వేశారో తెలియకపోయినా హాయిగా ఉంటుంది.

శనివారం పాలకొల్లు నుంచి పొద్దున బస్సుకి బయల్దేరి పంటు దాటి వస్తాను. నర్సాపురంలో సన్న దారం, రెండు సూదులు తెస్తా, తేగలు కూడా దొరికితే సరి. నేను రాగానే "ఎవరొచ్చారో చెప్పుకో" అని అమ్మని నా ముందు నిలబెట్టకు. "అక్క వచ్చిందమ్మా" అని నువ్వే చెప్పి నా సంచి లోపల పెట్టు. ఈసారి కూడా నన్ను అమ్మా అని పిలిస్తే సరిదిద్దకు, నేను పలుకుతాను.

మీ పెద్దమ్మ