పుర్రెలు కొనే ముందు

చిరంజీవి శీనుకు,

సిరొంచ నుంచి పెద్దబాపు ఆశీస్సులు. తొలికాలపు డైనోసార్ల పుర్రె నమూనాలు, అంటే అసలు ఎముక మీద అచ్చు తీసిన నకళ్లు, కూడబెట్టాలని రాశావు. సంతోషం బిడ్డా. కానీ నువ్వు పంపిన ఫొటోల్లో మొదటిది, ఆ బరపాసారస్ పుర్రె, ఎంత తక్కువకిచ్చినా కొనకు. ఆ జంతువు ఎముకలు మన ప్రాణహిత-గోదావరి లోయలో బయటపడ్డవే, 1975లో పేరు పెట్టారు, అస్థిపంజరం కోల్‌కతాలో ఉంది. పళ్లు దొరికాయి గానీ పుర్రె మాత్రం దొరకలేదు. అలాంటప్పుడు అచ్చు దేనిమీద తీశారట? హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో నిలబెట్టిన ఇంకో డైనోసార్, కోటాసారస్ తల కూడా ఊహించి చేసిందే.

అందుకే అమ్మేవాణ్ణి ముందు ధర అడక్కు. ఏ మ్యూజియంలోని ఏ నంబరు ఎముక మీద అచ్చు తీశారో అడుగు. హెరెరాసారస్ అనే వేటాడే డైనోసార్ అయితే పీవీఎస్‌జే 407, ఈరాప్టర్ అనే చిన్న డైనోసార్ అయితే పీవీఎస్‌జే 512 (పీవీఎస్‌జే అంటే శాన్ హువాన్ మ్యూజియం గుర్తు). రెండూ అర్జెంటీనాలోని ఇస్చిగువలాస్తోలో దొరికినవి, దాదాపు 23 కోట్ల ఏళ్లనాటివి. నంబరు చెప్పకుండా ‘మ్యూజియం క్వాలిటీ సార్’ అని దాటేస్తే అక్కడితో వదిలెయ్.

నన్నడిగితే మొదట ఈరాప్టరే కొను. అరచేతిలో పడుతుంది, అల్మారాలో చోటూ పెద్దగా అక్కర్లేదు. భూతద్దం పెట్టి పళ్లు చూడు. ముందువి ఆకుల్లా ఉంటాయి, వెనకవి వంపు తిరిగి అంచున సన్నటి రంపపు గాట్లతో ఉంటాయి. పళ్లన్నీ ఒకేలా ఉంటే అది నాసిరకం. హెరెరాసారస్‌కు కింది దవడ నడుమ ఇంకో కీలు ఉంటుంది, వేటను గట్టిగా పట్టుకోవడానికి. మంచి అచ్చులో ఆ అతుకు స్పష్టంగా తెలుస్తుంది. మన గోదావరి లోయ నుంచే దాని చుట్టం ఒకటి బయటపడింది. మలేరిరాప్టర్ అని 2025లో పేరు పెట్టారు. దానికీ పుర్రె దొరకలేదు, ఎవడైనా అమ్మజూపితే నవ్వి ఊరుకో.

కోలోఫిసిస్ అనే ఇంకో తొలికాలపు డైనోసార్ పుర్రె కొనాలనుకుంటే ఇంకో ప్రశ్న అడగాలి. న్యూ మెక్సికోలో దొరికిన వాటిలో చాలా పుర్రెలు రాళ్ల బరువుకు నలిగి చదునైపోయాయి. నువ్వు కొనేది నలిగిన దాని అచ్చా, సరిచేసి నిలబెట్టిందా? రెండూ మంచివే, కాకపోతే ఏది ఏదో తెలిసి కొనాలి.

అచ్చు రెజిన్‌దైతే మన ఎండాకాలంతో జాగ్రత్త. రేకుల గదిలో పెడితే సన్నటి దవడ వంగిపోతుంది. వంగితే విరగ్గొట్టుకోకు, వేడినీళ్లలో కాసేపు ముంచి మెల్లగా సరిచేసి, చల్లారేదాకా పట్టుకో. ప్లాస్టర్‌దైతే ఎండ కన్నా వానాకాలపు చెమ్మతోనే టెన్షన్.

మా సిరొంచ దగ్గర శిలాజాలు దొరికే వడదం వైపు వెళ్తే మాత్రం నిజమైన శిలాజం ముక్క ఒక్కటి కూడా జేబులో వేసుకోకు. కనబడితే ఫారెస్టు వాళ్లకు చెప్పు.

విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ డబ్బులు వేరే కట్టాలి, ముందే లెక్కేసుకో. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయి, పళ్లు విరిగి వస్తే అడగడానికి అదే ఆధారం. మీ అమ్మకు చెప్పే ఆర్డర్ పెట్టు.

మీ పెద్దబాపు