పట్టు కన్నా ముందు గుర్రాల గడ్డి

ప్రాచీన ఇరాన్, చైనాల మధ్య రాకపోకలు పట్టు వ్యాపారంతోనే మొదలయ్యాయా అని అడిగారు. కాదండీ. గుర్రాలతో, అవి తినే గడ్డితో మొదలయ్యాయి. గేదెలు మేపుకునేవాణ్ణి కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

అనంతపురం దగ్గర మా అరెకరంలో మొదటిసారి ఆ గడ్డి, అంటే లూసర్న్ అనే పశువుల మేత, చల్లినప్పుడు, రెండో కోతకల్లా చేలో పసుప్పచ్చ దారాలు కనిపించాయి. వంగి చూస్తే బంగారు తీగ. ఆకు ఉండదు, మొక్కకు చుట్టుకుని రసం పీల్చేస్తుంది. షాపులో జల్లించని విత్తనం అంటగట్టారు. వెళ్లి అడిగితే "మీ నేలలోనే ఉండుంటుంది" అన్నారు. మా నాన్న ఆ మేర కోసి, అక్కడే ఎండుగడ్డి వేసి తగలబెట్టాడు. మిగిలిన చేను మూడేళ్లు కోతకొచ్చింది. విత్తనం అమ్మేవాళ్లకు రైతు కష్టం ఎప్పటికి పడుతుందో!

ఆ గడ్డికి ఇరాన్‌లో పాత పేరు 'అస్పస్త్', అంటే గుర్రం మేత. క్రీ.పూ. 138లో చైనాను ఏలే హాన్ వంశపు చక్రవర్తి వూ, ఉత్తరాన ఉన్న షియోంగ్ను సంచార తెగల మీద పోరుకు తోడు వెతకమని జాంగ్ చియాన్ అనే దూతను పడమటికి పంపాడు. ఆయన శత్రువులకే చిక్కి పదేళ్లు బందీగా గడిపి, 126లో ఇల్లు చేరాడు. తోడు దొరకలేదు. మధ్య ఆసియాలోని ఫర్గానా మేలుజాతి గుర్రాల కబురు, అప్పట్లో ఇరాన్‌ను ఏలే పార్థియన్ల రాజ్యం కబురు మాత్రం తెచ్చాడు. పార్థియాలో రాజు ముఖమున్న వెండి నాణేలు చెల్లుతాయని, తోలు మీద అడ్డంగా రాస్తారని ఆ కాలపు చైనా చరిత్రకారుడు సీమా చియాన్ రాసిన చరిత్రలో ఉంది. తర్వాత వెళ్లిన చైనా రాయబారులకు పార్థియా సరిహద్దులో 20,000 మంది రౌతులు ఎదురొచ్చారట. వాళ్ల వెంట పార్థియన్ దూతలు పెద్ద పక్షి గుడ్లతో, గారడీవాళ్లతో చైనాకు వచ్చారు.

పట్టు పోలేదనడం లేదు, బోలెడు పోయింది. మనకు 'చీనాంబరాలు' అన్న మాట నోటికి అలవాటై, చైనా అనగానే పట్టే గుర్తొస్తుంది. దారి తెరిపించింది మాత్రం సైన్యం అవసరం, గుర్రం.

గుర్రాలతో పాటు వాటి మేత కూడా చైనాకు చేరింది. కానీ విత్తనం ఒక్కటే వస్తే సరిపోదు. లూసర్న్ మంచు తడి మీద మేపితే పశువుకు కడుపు ఉబ్బుతుంది. ఎప్పుడు కోయాలో, ఎంత వేయాలో తెలిసిన పడమటి మనిషెవరో దాంతో పాటు వచ్చే ఉంటాడని నా నమ్మకం. ఆ తర్వాత చక్రవర్తి విడిది భవనాల పక్కన కనుచూపు మేరా ద్రాక్ష, లూసర్న్ వేశారని సీమా చియాన్ రాశాడు.